రఫూ అక్క విప్పని కుట్టు

రఫూ అక్క ఒక ముసలామె ప్రాణం తీసిందని, అందుకే లాండ్రీ ఆయన ఆమెను కొట్లోంచి గెంటేశాడని కుళాయి దగ్గర పుట్టిన మాట, రెండు మలుపులు తిరిగేసరికి పోలీసుల దాకా వెళ్లింది. చేతిలో పని లేకపోతే నోటికి పని పెరుగుతుంది మరి. ఇందులో నిజమెంతో చెప్పాలి. ముసలామె చచ్చిపోయిన మాట నిజమే, కానీ ఆ ముసలామె అసలు పుట్టనే లేదు. గెంటేయడం మాత్రం పచ్చి అబద్ధం. అక్క తన సూదుల డబ్బా, చట్రం, ముక్కాలి పీట తానే సర్దుకుని, తన కాళ్లతో తానే గడప దాటింది.

రఫూ అంటే మాసిక వేయడం కాదు. చిరిగిన బట్ట మడతల్లోంచే పోగులు లాగి, చిరుగు మీద మళ్లీ నేత నేసినట్టు కలపడం. మేనత్త దగ్గర నేర్చుకుంది. ఇరవై రెండేళ్లుగా లాండ్రీ ముందుగదిలో, తూర్పు కిటికీ కింద మూల ఆమెది. ఆ పనికి చెయ్యి ఎంత ముఖ్యమో వెలుతురూ అంతే. బట్ట తిరిగి తీసుకునేటప్పుడు, తెచ్చినవాళ్లే ఎక్కడ చిరిగిందో వెతుక్కునేవారు. అప్పుడు అక్క తల ఎత్తకుండానే నవ్వుకునేది.

ఈ గొడవంతా ఒక ఆట వల్ల. దాన్ని ఇంటికి తెచ్చింది అక్క కూతురు. నర్సు చదువుకు వెళ్లినచోట నేర్చుకుంది. బల్ల చుట్టూ కూర్చుని ఆడతారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక వేషం కట్టి, "నేనిప్పుడు ఇది చేస్తాను" అంటారు. అవుతుందో కాదో తేలకపోతే పాచిక వేస్తారు. కథ నడిపేది అక్క. ఆటలో కూతురు వైద్యురాలు. రిటైరైన బస్సు డ్రైవరు బాబాయి దొంగ. ముప్పై ఏళ్లు రూలు తప్పకుండా బండి నడిపాను, ఇక్కడన్నా తప్పనివ్వండి అని ఏరికోరి తీసుకున్న వేషం. లాండ్రీ ఆయన సేనాపతి. ఇంట్లో పెళ్లాం మాట, కొట్లో గిరాకీల మాట వినే మనిషికి సేనాపతి వేషం దొరికితే ఇంకేం కావాలి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, లాండ్రీకి సెలవు కాబట్టి, ఇస్త్రీ బల్ల మీదే ఆట.

అందరూ ఆట జరిగే ఊహాలోకపు పటాన్ని కాగితం మీద గీస్తారట. అక్క పాత దుప్పటి మీద కుట్టింది. ఏరు నీలిదారం, అడవి పచ్చదారం. ఆటలో ఏం జరిగినా అప్పటికప్పుడే దాని మీద కుట్టు పడుతుంది. పడ్డ కుట్టు విప్పరు. ఆమె బల్ల దగ్గర కట్టుబాటు ఇదొక్కటే.

తనకూ మినహాయింపు లేదు. ఒకసారి మాటల్లోపడి, కోట బయట కుట్టాల్సిన బావిని కోట నడిమధ్య కుట్టేసింది. మరుసటి వారం బాబాయి ఆ బావిలోకి నీళ్లొచ్చే సొరంగం గుండా దూరి, కోటలో తేలాడు. మూడు వారాలు కూర్చుని అల్లిన ముట్టడి కథ మూడు నిమిషాల్లో గంగలో కలిసింది. "విప్పేసుకోమ్మా, పొరపాటే కదా" అని బాబాయే జాలిపడ్డాడు. "సూది నాదే, పొరపాటూ నాదే. కోట మీదే, ఏలుకోండి" అంది అక్క.

ఇక ముసలామె సంగతి. ఆటలో ఏటి అవతల గొర్రెలు కాసుకునే ఒక అవ్వ ఉండేది. శత్రువులు తరుముతుంటే ఈ ముగ్గుర్నీ ఉన్ని మోపుల కింద మూడు రోజులు దాచింది. సేనాపతికి ఆమె అంటే ఎంత ఇదంటే, కన్నతల్లిని కూడా అంత ప్రేమగా పిలిచి ఉండడు. పెద్దమ్మా పెద్దమ్మా అని ఒకటే వరస. తర్వాత శత్రువుల గుర్రపు రౌతులు వెంటపడ్డారు. ముగ్గురూ ఏటి మీది వంతెన దాటగానే దాన్ని తగలబెడతానన్నాడు సేనాపతి. అవతల పెద్దమ్మ ఉంది, ఇంకో దారి లేదు, చలికాలం వస్తోంది అని అక్క మూడుసార్లు గుర్తుచేసింది. ముందు ప్రాణాలు దక్కనీ అన్నాడు. దక్కాయి. వంతెన మీద నాలుగు నల్లకుట్లు పడ్డాయి.

రెండు ఆదివారాల తర్వాత పెద్దమ్మకు జ్వరం. మందు వైద్యురాలి సంచిలో ఉంది, మధ్యలో ఏరుంది. అవతలి ఒడ్డుకు తాడు విసురుతానంది కూతురు. పాచిక వేస్తే ఒకటే పడింది, తాడు అందలేదు. పెద్దమ్మ పోయింది. అక్క తెల్లదారం ఎక్కించి చిన్న సమాధి గుట్ట కుట్టింది.

లాండ్రీ ఆయన చూపు ఆ గుట్ట మీంచి వంతెన మీదికి మళ్లింది.

"ఆ నల్లకుట్లు విప్పెయ్ చెల్లెమ్మా. వానొచ్చి మంట ఆరిపోయిందను."

"ఆ రోజు వాన లేదన్నయ్యా."

"నువ్వు ఉందంటే ఉంటుంది. కథ నీదే కదా."

"తగలబెట్టింది నువ్వు కదా."

ఆయన ముఖం ఎర్రబడింది. ఎవరి కొట్లో, ఎవరి కిటికీ కింద కూర్చుని మాట్లాడుతున్నావో గుర్తుంచుకో అన్నాడు. కుట్టన్నా విప్పు, మూలన్నా ఖాళీ చెయ్యి అన్నాడు. అక్క దుప్పటి మడతపెట్టి చంకన పెట్టుకుంది.

"మూల నీదే అన్నయ్యా. దుప్పటి నాది."

అప్పటినుంచి ఆమె పని తన ఇంటి మెట్ల మలుపులోకి మారింది. అక్కడ గోడ సందులోంచి పదకొండు నుంచి ఒంటిగంట దాకానే వెలుతురు. నల్లకోటులో పక్కనున్న ముదురు నీలం కోటు పోగు కలిపేసి, రెండుసార్లు మళ్లీ చేయాల్సొచ్చింది. వచ్చే బట్టలు సగమయ్యాయి. కూతురు ఉండబట్టలేక, నాలుగు కుట్లే కదమ్మా, ఎవరు చూడొచ్చారు అంది. ఆయన చూస్తాడు, అందుకే విప్పను అంది అక్క. రాజీ చేయడానికి వచ్చిన బాబాయి, వెనక్కి తిప్పలేని బండిని నా సర్వీసులో చూడలేదు తల్లీ అని గొణుక్కుంటూ దిగిపోయాడు.

అయిదో వారం, సరిగ్గా పన్నెండింటికి, లాండ్రీ ఆయనే మెట్లెక్కి వచ్చాడు. చేతిలో బూడిదరంగు కోటు. ఆ కోటు చేతి మీద ఇస్త్రీపెట్టె ముక్కు ఆకారంలో కాలిన మచ్చ. ఎవరు కాల్చారని అక్క అడగలేదు. నేనే, ఏదో ఆలోచిస్తూ ఉండిపోయాను అని ఆయనే చెప్పాడు. అక్క కోటు అంచు తిరగేసి ఒక్కొక్క పోగే లాగడం మొదలుపెట్టింది. ఆయన కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లలో ఆమెకంటే కింద కూర్చోవడం అదే మొదలు. సగం మచ్చ పూడింది. అప్పుడు అడిగాడు:

"ఊరందరి చిరుగులూ కనపడకుండా చేస్తావు. నా ఒక్కడి నల్లకుట్లు ఎందుకు విప్పవు చెల్లెమ్మా?"

అక్క దారం పంటితో తెంపింది.

"కోటు తనను తాను కాల్చుకోలేదు, అందుకని దానికి మచ్చ తీసేస్తున్నా. వంతెన విప్పను. విప్పితే ఆ రోజు నువ్వు ముగ్గుర్ని బతికించిందీ పోతుంది. పెద్దమ్మకు ఒక మనవరాలుంది, అవతలి ఒడ్డున గొర్రెలతో ఒక్కతే మిగిలింది. ఏరు తగ్గింది. ఆదివారం మూడింటికి ఈ మెట్ల మీదికే రా, తెప్ప కట్టుకుందువుగాని. దుంగలు నువ్వే మొయ్యాలి. నిన్ను చూసి ఆ పిల్ల రాయి విసిరితే మాత్రం నన్ను అడక్కు."