చేపలేని చేపల పులుసు

ఆ రోజుల్లో పెళ్లి కుదరాలంటే జాతకాలు చూసేవాళ్లు, ఇల్లూ వాకిలీ చూసేవాళ్లు, పిల్లవాడి నడవడి గురించి ఆరా తీసేవాళ్లు. నా పెళ్లికి మాత్రం ఒక చెరువును చూశారు. చెరువంటే ఊరి చెరువు కాదు. ఆదిలాబాద్ జిల్లా అడవుల్లో వాగుకు అడ్డంగా కట్ట పోసి కొత్తగా నిలిపిన ప్రాజెక్టు నీళ్లు. విలువైన టేకును ముందే కొట్టుకుపోయారు గానీ మద్దులనూ తుమ్మలనూ ఎవరూ పట్టించుకోలేదు. అవి ఆకులు రాల్చేసి, ఎండు కొమ్మలతో, నడుము లోతు నీళ్లలో అలాగే నిలబడిపోయాయి.

మాది పెద్దపల్లి దిక్కు, వల మీద బతికే కుటుంబం. ఏడో తరగతి పాసైన నన్ను ఏ ఉద్యోగమూ వెతుక్కుంటూ రాలేదు. అందుకని ప్రాజెక్టు ఒడ్డున ఉండే మా మేనమామ దగ్గరికి చేపలు పట్టడానికి వెళ్లాను (బాపుతో అలా చెప్పాను, అసలు కారణం మామ కూతురు). ఆ తొలి ఏళ్లలో చేపల వైభోగం చూసి తీరాలి. మునిగిన గడ్డీ ఆకూ కుళ్లి నీళ్లకు బలమొచ్చింది. తెప్ప మీద వెళ్లి చెట్ల నడుమ సాయంత్రం వల నిలబెట్టి వస్తే, తెల్లారేసరికి కొర్రమట్టలూ జెల్లలూ వల నిండా తన్నుకుంటూ ఉండేవి. "గంగమ్మ మనింట్లనే కాపురం పెట్టింది అల్లుడా! ఇగ ఏం ఫికర్ లేదు" అని మామ మీసం దువ్వేవాడు. నేను కూడా దువ్వేవాణ్ణి, దువ్వడానికి అక్కడ పెద్దగా ఏమీ లేకపోయినా.

ఆ వైభోగం మా అత్తకు మాత్రం కనపడలేదు. ఆమెకు కనపడింది చిరుగులు. నీళ్ల అడుగున కొమ్మలకు తగులుకుని వల రోజూ చిరిగేది, రోజూ ఆమే కూర్చుని అల్లేది. "చేపలు మీరు దింటరు, చిరుగులు నాకు దెస్తరు" అనేది. పిల్లను బెల్లంపల్లి బొగ్గు బాయిలో పనిచేసే పిలగానికి ఇవ్వాలని ఆమె పంతం. "నెల కాంగనే జీతం, ఉండనీకి క్వార్టర్. గీ నీళ్లు ఇయ్యాల ఉంటయ్, రేపు కాలువల వడి పోతయ్. గీ నీళ్లను జూసి పిల్లనెట్ల ఇయ్యాలె?" అని మామను నిలదీసింది.

మామకు పౌరుషం పొడుచుకొచ్చింది. మాలో సంబంధం ఖాయం చేసుకునే రోజు పిల్ల తండ్రి తన చేత్తో పట్టిన పెద్ద చేప తలకాయ వియ్యంకుడి కంచంలో పడాలి, అప్పుడే మాట ఖాయమైనట్టు. "బావ వచ్చిన దినం గీ నీళ్లల్లకెల్లే చేప తెస్త. తేకపోతే పిల్లను నీ బెల్లంపల్లికే ఇయ్యి, నేను గూడ బాయిల దిగుత" అని ఒట్టేశాడు. అత్త వెంటనే సరేనంది. లోపల గిన్నెలు కడుగుతున్న మరదలి చేతుల చప్పుడు ఆగిపోయింది.

ఎండాకాలం నీళ్లు దిగాయి. చెట్ల మొదళ్లు మోకాలి లోతు నీళ్లలో గొడ్డలికి అందేట్టు బయటపడ్డాయి. అప్పుడు మామకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది (గొప్పదని నేనూ ఒప్పుకున్నాను, ఏడో తరగతి చదివిన వాణ్ణి కదా). చుట్టాలొచ్చే ముందే ఈ చెట్లన్నీ కొట్టేస్తే వల చిరగదు, అత్త నోరూ మూతపడుతుంది, పందిరికి గుంజలూ పొయ్యికి కట్టెలూ దొరుకుతాయి! ఇద్దరం గొడ్డళ్లు పట్టుకుని దిగాం. నా పెళ్లికి ఒక్కో చెట్టూ అడ్డమన్నంత కసిగా నరికాను. కొట్టిన చెట్ల మీద వేలు పెడితే జారిపోయేంత పాచి, ఆ పాచిలో నత్తలు, పురుగులు, వాటి చుట్టూ పిల్ల చేపలు. "ఛీ, ఎంత గలీజు" అనుకుంటూ చేతులు కడుక్కున్నాను. కొమ్మల మీద కూర్చునే నీటికాకులు మా నెత్తిమీద కాసేపు తిరిగి, అటు కొండల వైపు వెళ్లిపోయాయి. మాకంటే ముందు సంగతి వాటికి తెలిసింది.

మాట ఖాయం చేసుకోవడానికి మా అమ్మానాన్నలు, బాపూ అవ్వా, వచ్చారు. ఆ పొద్దున వల వేస్తే నున్నటి నేల మీద చాప పరిచినట్టు పరుచుకుంది. లాగితే అంతే నున్నగా వచ్చింది. ఒక్క చిరుగు లేదు, ఒక్క చేపా లేదు. అటు వేశాం, ఇటు వేశాం. ఎండ నెత్తికెక్కింది. ఇంట్లో మేం కొట్టిన కట్టెలు భగభగా మండుతున్నాయి, అత్త పెట్టిన చింతపండు పులుసు తెర్లుతోంది. అందులో వెయ్యడానికే ఏమీ లేదు.

చివరికి అందులో వంకాయలు వేసి వడ్డించింది. బాపు పాపం మర్యాదస్థుడు. కంచంలో వేలితో నెమ్మదిగా వెతికాడు. తలకాయ దొరకలేదు, వంకాయ తొడిమె దొరికింది.

"జరంత ఆగున్రి బావా, నీళ్లు ఇంక సల్లవడలే, సల్లవడితే చేప పైకొస్తది" అన్నాడు మామ.

"ఏం కాదు తియ్యి, పులుసు మంచిగున్నది" అన్నాడు బాపు. తొడిమెను కంచం అంచుకు జరిపి ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

మామ మాట తప్పే మనిషి కాదు. పిల్లను బెల్లంపల్లికే ఇచ్చాడు, తానూ అక్కడికే పోయి బాయిలో దిగాడు. ఎండలో నీళ్ల మీద బతికిన మనిషి ఆ చీకట్లో ఎలా ఉన్నాడో తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. బండెక్కేటప్పుడు మరదలు నా దగ్గరికొచ్చి, "గంత జల్దీ ఎందుకు కొట్టినవ్ బావా గా చెట్లు?" అని అడిగింది. నీ కోసమే అని నోటిదాకా వచ్చింది. "వల చిరుగుతదని" అన్నాను. ఆమె తలూపి బండెక్కింది.

నేను ఆ నీళ్ల దగ్గరే ఉండిపోయాను. ఆకు కుళ్లిన బలం ఎలాగూ కొన్నేళ్లకు తగ్గేదే, నిజమే. కానీ ఆ చెట్లకు పట్టిన పాచే చేపలకు అన్నమనీ, ఆ కొమ్మలే వాటికి నీడా ఇల్లూ అనీ తెలియడానికి నాకు చాలా ఖాళీ వలలు లాగాల్సి వచ్చింది. అప్పటినుంచి ప్రతి ఎండాకాలం తుమ్మ కొమ్మలు మోపులు కట్టి, రాళ్లు కట్టి నీళ్లలో దింపుతున్నాను. చేపలు మెల్లగా తిరిగొచ్చాయి.

ఈ కథ, ఆ తర్వాత నేను చేసుకున్న నా భార్యకు మొత్తం తెలుసు. పెద్ద చేప దొరికిన రోజు తలకాయ తెచ్చి నా కంచంలో వేస్తూ, "గా చెట్లు గట్లనే ఉంటే నేనేడ ఉందునో" అంటుంది. ఆ చెట్ల కోసం ఇన్నేళ్లూ బాధపడుతూనే ఉన్నాను. కానీ ఆ మాట ఆమె ముందు ఎలా అంటాను? తల వంచుకుని, ఇంకొంచెం పులుసు పోయమంటాను.