రెండు షీట్లలో పద్నాలుగో నంబరు

1963 వేసవిలో నన్ను మాచర్ల దగ్గర కరెంటు సబ్‌స్టేషన్‌కి ట్రేసరుగా వేశారు. ట్రేసరంటే డ్రాయింగ్ పనిలో అందరికంటే కింది మెట్టు. ఇంజనీరు పెన్సిలుతో గీసినదాన్ని ట్రేసింగ్ గుడ్డ మీద ఇంకుతో దించాలి. అదీ టెంపరరీ. పెద్ద తప్పు దొరికితే ఇంటికే.

స్విచ్ ప్యానెల్ వెనక తీగలు చానా ఉంటాయి. అన్నీ విడివిడిగా గీస్తే ఎవడికీ అర్థం కాదు. అందుకని తీగల కట్టనంతా ఒకే లావు గీతగా గీస్తాం, దాన్నే బస్ అంటాం. అందులోంచి బయటికొచ్చే ప్రతి తీగ పక్కనా నంబరు వేస్తాం. నంబరు ఒకటైతే తీగ ఒకటే, వేరే వేరే షీట్లలో ఉన్నా సరే.

గురజాల లైను షీటు ముందు దించాను. దుర్గి లైనుకూ అదే అమరిక కాబట్టి, దాని మీదే ఇంకో గుడ్డ పరిచి నంబర్లు మాత్రం మారుస్తూ లాగేశాను. పదకొండు ఇరవై ఒకటి కావాలి, పన్నెండు ఇరవై రెండు, అలాగ. ఫిట్టరు మస్తాన్ ఆ షీట్లు చూసి ప్యానెళ్ళు బిగించాడు. లైను పనీ ఆయనదే. వయసులో పెద్దవాడు, నేను మామా అని పిలిచేవాణ్ణి.

దుర్గి లైనుకు తొలిసారి కరెంటు ఇచ్చే రోజు పొద్దున, రిపేరు కోసం గురజాల లైను ఆపించి, అందులో కరెంటు లేదని రాసిచ్చే లైన్ క్లియర్ కాయితం తీసుకుని మామ స్తంభం ఎక్కాడు. ఆ లైనును విడగొట్టే ఐసొలేటరు ఇంకా రాలేదు. కరెంటును కలిపే, తెంచే బ్రేకరొక్కటే అడ్డం. నేను ఊరికే కూర్చోలేక షీట్లు తిరగేస్తున్నాను. దుర్గి షీటులో, బ్రేకరును కలిపే తీగకు ఇరవై నాలుగు ఉండాల్సిన చోట పద్నాలుగనే ఉంది. గురజాల షీటులోనూ పద్నాలుగే. మామ రెంటినీ కలిపేసి ఉంటాడు. అంటే దుర్గి స్విచ్ తిప్పితే గురజాల లైనులోకీ కరెంటు పోద్ది.

నోరు తెరిస్తే ఉద్యోగం పోద్దని భయం. నేనే పొరబడ్డానేమోనని మళ్ళీ చూశాను, మళ్ళీ చూశాను. లేవలేదు. సూపర్‌వైజరు గారు గడియారం చూసుకుని ప్యానెల్ దగ్గరికి నడిచారు. ఆయన చెయ్యి స్విచ్ మీద పడ్డాక గానీ నేను నోరు తెరవలేదు. తిప్పొద్దు సార్, నంబరు తప్పు వేశాను, మామ లైను మీదున్నాడు అన్నాను. ఆయన చెయ్యి తీసేసి, షీట్లు రెండూ చూసి, కుర్చీలో కూలబడ్డారు.

ఉద్యోగం పోలేదు గానీ ఆ ఏడు పర్మనెంటు కాలేదు. మామ దిగొచ్చాక నేనే చెప్పాను. ఆయన తిట్టలేదు.

"తప్పు రాయటం ఎవడికైనా ఉండేదేరా. నీకెప్పుడు కనపడింది?" అన్నాడు.

సార్ స్విచ్ మీద చెయ్యి వెయ్యడానికి పావుగంట ముందు అన్నాను.

"పావుగంటా?" అన్నాడు. ఆ తరవాత నా షీటు ఇంకొకరికి చూపించందే ఆయన స్క్రూ బిగించలేదు.

నేను తరవాత చానామందికి ఈ పని నేర్పాను. ఒకరు నంబరు చదవాలి, ఇంకొకరు వేలు పెట్టి టిక్కు కొట్టాలి అని అందరూ చెబుతారు, నేనూ చెప్పాను. కానీ మొదట చెప్పేది వేరే. అనుమానం రాగానే స్విచ్ దగ్గరున్న మనిషిని ఆపు, నంబర్లు తరవాత సరిచూసుకో. నేను సరిచూసుకున్నంత సేపూ మామ స్తంభం మీదే ఉన్నాడు.