నలుపు కింద నీలం

పట్టాభికి పెద్ద మార్కెట్టు దగ్గర ఇత్తడి సామాన్ల అంగడి ఉండేది. తాతల నాటి వ్యాపారం. పాత బిందె అమ్ముదామని ఎవరైనా వస్తే దాన్ని తిరగేసి, వేలితో కొట్టి శబ్దం విని, అడుగున గోటితో గీకి చూసేవాడు. అతుకు ఎక్కడుందో తేలేదాకా వదిలేవాడు కాదు. అతుకే లేని బిందె ఎదురైతే మరింత అనుమానపడేవాడు. ఇంట్లోనూ అదే తీరు. పాలు పోసే మనిషి రోజుకంటే ముందుగా వస్తే ఎందుకొచ్చాడని అడిగేవాడు, ఆలస్యంగా వస్తే ఇంతసేపూ ఎక్కడున్నాడని అడిగేవాడు.

భార్య అలివేలుమంగ దీనికి ఎప్పుడో అలవాటు పడింది. "మా ఇంటాయన కోయిల్లో ప్రసాదం గూడా వాసన చూసి తింటాడు" అని నవ్వేది. ఆమె ఆ మాట చెప్పుకునేది ఎక్కువగా ధనభాగ్యంతో. ధనభాగ్యం పట్టాభి స్నేహితుడు వరదరాజులు భార్య. వరదరాజులుకు బియ్యం మండీ ఉంది. చిన్నప్పటినుంచీ కలిసి తిరిగినవాళ్ళు కాబట్టి మగవాళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. చుట్టరికం మాత్రం లేదు.

1979లో వరదరాజులు కొత్త అంబాసిడర్ తీసుకుని, తన నల్ల ఫియట్ కారును పట్టాభికి అమ్మాడు. దీపాలు పెట్టే వేళకు దాన్ని ముత్తియాల్‌పేటలో పట్టాభి ఇంటిముందు తెచ్చి నిలిపాడు. వీధిలైటు కింద అది నూనె రాసినట్టు మెరిసిపోయింది. జీవితంలో మొదటిసారి పట్టాభి ఒక వస్తువును గోటితో గీకకుండా కొన్నాడు.

తెల్లారి ఎండ పడేసరికి అసలు సంగతి బయటపడింది. బానెట్టు నిండా సన్నటి గీతలు, గుండ్రంగా, ఒకదానిమీద ఒకటి, సాలెపురుగు గూడు కట్టినట్టు. తలుపుల మీద కొన్ని పొడుగ్గా, లోతుగా ఉన్నాయి.

"పొద్దుగుంకినాక తెచ్చి ఇచ్చినాడు, చూసినావా?" అన్నాడు భార్యతో.

"ఆయన మండీ మూసుకోని వచ్చినాడు. అప్పుటికి పొద్దుగుంకకుండా ఉంటుందా?"

"పగుల్లో తెచ్చుంటే నేను చూసుందును గదా. అందుకే తేలేదు."

వర్క్‌షాపులో ఇస్తే మంచి సామాను తీసుకుని పాతది తగిలిస్తారని అతని భయం. అందుకని తానే బాగుచేసుకోవాలని నిశ్చయించుకున్నాడు. మెరుగుపెట్టడం తనకు కొత్తా? ఇత్తడిని అద్దంలా చేసే చేతులు రేకు మీది రంగును చేయలేవా? మోటారు సామాన్ల అంగడిలో గీతలు అరగదీసే రబ్బింగ్ కాంపౌండు ఒక డబ్బా, ఒక డబ్బా మైనపు పాలీషు కొన్నాడు. ఆదివారం పొద్దున్నే బిందెలు రుద్దే గుడ్డ తెచ్చి, కాంపౌండు మెత్తి, ఎండలోనే కారుకు మోకాలు ఆనించి బలంకొద్దీ రుద్దాడు.

కాసేపటికి గుడ్డ తిరగేసి చూస్తే నల్లగా ఉంది.

"మంగా, ఇట్రా. రంగు ఊడొస్తుండాది. బొగ్గు నూరి పూసి అమ్మినాడు నాకు."

బానెట్టు మీద మునుపటికంటే ఎక్కువ గీతలు పడ్డాయి. ఆ గుడ్డ పట్టుకుని మోటారు సామాన్ల అంగడికి పోయి, డబ్బాలో కల్తీ ఉందని గొడవ పెట్టుకున్నాడు. అంగడివాడు గుడ్డను వేళ్ళమధ్య నలిపి చూశాడు. పొడి ఇటుక గుండ గరగరలాడింది. "సార్, ఇది చట్టి తోమే గుడ్డ. దీంతో కారు తోముతారా? రంగు కొంచెం గుడ్డకు అంటేది ఉండేదే. ఇసక పోయేట్టు ముందు కడగండి. నీడలో పెట్టుకోండి. మెత్తటి గుడ్డ తీసుకోండి. నొక్కబాకండి" అని చెప్పి పంపేశాడు.

వాడు చెప్పినదాన్ని కూడా పట్టాభి ఊరికే నమ్మలేదు. ఎవరూ చూడని చోట, డిక్కీ కింది అంచున, అరచేయంత మేర చేసి చూశాడు. నీళ్ళు ధారగా పోసి సముద్రపు గాలి తెచ్చిన ఇసకంతా పోనిచ్చాడు. తండ్రి కట్టి వదిలిన పాత మల్లు పంచె చింపి, కాంపౌండు కొంచెమే తీసుకుని, వేళ్ళ బరువుతో మాత్రమే రుద్దాడు. తుడిచి చూస్తే ఆ కాస్త చోటులో తన ముఖం, వెనక కొబ్బరిచెట్టు మట్టలు విడివిడిగా కనిపించాయి. అతను చాలాసేపు అక్కడే గొంతుకూర్చున్నాడు. ఇత్తడిలో ముఖం ఎప్పుడూ పచ్చగా, వంకరగా కనిపించేది. ఇది అట్లా లేదు.

ఆ తరవాత ప్రతి ఆదివారం ఉప్మా తినగానే కారు దగ్గరికి పోయేవాడు. బానెట్టు అయింది, టాపు అయింది, కుడివైపు అయింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తుంటే, మెచ్చుకుంటున్నారా, దిష్టి పెడుతున్నారా అని వాళ్ళ ముఖాల్లోకి చూసేవాడు. వరదరాజులు మీది కోపం కూడా మెల్లగా చల్లారుతూ వచ్చింది.

అప్పుడు ఎడమ వెనక తలుపు దగ్గరికి వచ్చాడు. దానిమీది గీత కాంపౌండుకు లొంగలేదు. వాటర్ పేపర్ అనే గరుకు కాగితం తెచ్చి, తడిపి, రుద్దాడు. గీత పలచబడింది. ఇంకొంచెం రుద్దితే పూర్తిగా పోతుందనుకున్నాడు. పోయింది. దాంతోపాటు నలుపూ పోయి, అడుగునుంచి నీలం రంగు బయటికొచ్చింది. అడుగుపూత కాదు, మంచి మెరిసే నీలం.

పక్క తలుపు అంచున గీకి చూశాడు. నలుపు కింద బూడిదరంగు పూత, దానికింద రేకు. ఈ ఒక్క తలుపే నీలం.

అలివేలుమంగను పిలిచి చూపించాడు. ఆమె చేతిలోని చెంబు కింద పెట్టి, మళ్ళీ తీసుకుంది. "పాత కారు గదా. ఎవురు ఏం రంగు పూసినారో" అని లోపలికి వెళ్ళిపోయింది.

పట్టాభి మనసు మాత్రం ఊరంతా తిరిగొచ్చింది. రెండు కార్లు నరికి ఒకటిగా అతికించారేమో. దొంగబండేమో. ఎవరినైనా గుద్ది, నెత్తురు మరక పడిన తలుపును పారేసి ఇది బిగించారేమో. బజారులో ఇద్దరు ముగ్గురితో, "తెలిసినవాణ్ణి నమ్మి మోసపోయినా. పోలీసుకు పోవాల్సిందే" అనేశాడు. మండీ వైపు వెళ్ళడం మానేశాడు.

రెండురోజుల తరవాత భోజనానికి ఇంటికొస్తే వంటింట్లో ధనభాగ్యం, తన భార్య తలలు దగ్గరపెట్టి మాట్లాడుకుంటున్నారు. ఇతని చెప్పుల చప్పుడు వినగానే ఆపేశారు. ధనభాగ్యం అతని వైపు చూడకుండా, "వస్తా, అన్నా" అని లేచింది.

"మొగుడు పంపించినాడు, ఏం జరుగుతుండాదో చూసి రమ్మని" అన్నాడు పట్టాభి, ఆమె మలుపు తిరిగాక.

అలివేలుమంగ అన్నం వడ్డించింది.

మరునాడు కారు తీసుకుని ముదలియార్‌పేటకు బయల్దేరాడు. అక్కడ షెడ్లలో రంగులు వేసేవాళ్ళందరినీ వరసగా అడగాలని. మూడో షెడ్డు పూంగావనానిది. అతను తలుపు ముందు వంగి, నీలం మచ్చను బొటనవేలితో తడిమి, లేచి చేతులు తుడుచుకున్నాడు.

"రంగు వేసిందే గదా సార్. మళ్ళా వేసిస్తాను."

"ముందు వేసిందెవురు?"

"నాకెట్ల తెలుస్తుంది?"

"సరే. దొంగబండని రాసిస్తాను స్టేషన్‌లో. వాళ్ళే కనుక్కుంటారు."

పూంగావనం ముఖం మారిపోయింది. లోపలినుంచి స్టూలు తెచ్చి వేశాడు.

"దొంగబండి కాదు సార్. నేనే వేసినాను. పాత తలుపు బాగా చొట్టపడింది, తట్టినా రాలేదు. అప్పుడు నా దగ్గర విప్పేసిన నీలం బండి ఒకటుండె. దాని తలుపు బిగించి నలుపు కొట్టినాను. మూడేళ్ళయ్యుంటుంది. ఇద్దరు ఆడవాళ్ళు తెచ్చినారు. చెప్పొద్దని చేతులు పట్టుకున్నారు, అందుకే చెప్పలేదు."

"ఆడవాళ్ళా? బండి తోలిందెవురు?"

"ఈడికి తోలుకోని వచ్చింది పొడుగామె. బాగా తోలుతుంది. వాళ్ళ నాయన వెనకటికి టాక్సీ తోలేవాడంట. ఆమె ఇంటాయన తంజావూరికి ధాన్యం కొనేదానికి పోయినాడు, వచ్చేలోపల అయిపోవాలనింది. గుద్దింది మాత్రం ఆమె కాదు. రెండో ఆమె నేర్చుకుంటా, మురుంగపాక్కం రోడ్డులో మేక అడ్డమొస్తే తిప్పి కల్వర్టు గోడకు రాసేసిందంట. ఆమె స్టూలు మీద కూర్చోని ఒకటే ఏడుపు."

"ఏమని ఏడ్చింది?"

"మా ఇంటాయనకు తెలిస్తే నన్ను ఇంక గుమ్మం దాటినప్పుడల్లా అడుగుతాడు, అనింది."

పట్టాభి ఇల్లు చేరేదాకా ఇంకెవరైనా అయ్యుండవచ్చని తనకు తాను చెప్పుకుంటూనే ఉన్నాడు. పొడుగామె ధనభాగ్యమే, సందేహం లేదు. రెండో ఆమె ఎవరైనా కావచ్చు. ధనభాగ్యానికి చెల్లెళ్ళున్నారు. ఇరుగుపొరుగున్నారు. అలివేలుమంగ సైకిలు కూడా ఎక్కి ఎరగదు. మధ్యాహ్నాలు ఎక్కడికి పోతుందని తానెప్పుడూ అడగలేదు, ఎందుకంటే ఆమె ఎక్కడికీ పోదని అతని నమ్మకం. లోకంలో అతను గీకి చూడని మనిషి ఆమె ఒక్కతే.

ఆమె నడవలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. అతను ఎదురుగా కూర్చుని ఆమె చేతులకేసి చూశాడు.

"మురుంగపాక్కం రోడ్డులో మేకలు జాస్తిగా ఉంటాయా?" అన్నాడు.

ఆమె చేతులు ఆగాయి. తల ఎత్తలేదు.

"ఒకటే ఉన్నింది. నల్లది."

"నాకెందుకు చెప్పలే?"

"మీరు అడగలే. పాలాయన్ని అడుగుతారు, అంగట్లో పనోణ్ణి అడుగుతారు. నన్ను ఎప్పుడన్నా అడిగినారా, పగులంతా ఏం చేస్తుండావని?"

"ఎన్నాళ్ళు నేర్చుకున్నావు?"

"చలికాలమంతా. గేర్లు మార్చేది బాగా వచ్చింది. వెనక్కి తీసేదే రాలే." ఇంకో కాయ ఈనె తీసి పడేసి అంది: "ధనభాగ్యం అక్కను ఏమీ అనబాకండి. తలుపు మార్చిన కథంతా నా కోసరం చేసింది. వాళ్ళాయనకు ఈ పొద్దుటికీ తెలీదు. కారు మన ఇంటికే వస్తుందని తెలిసినప్పటినుంచి నాకు సరిగ్గా నిద్రలేదు."

పట్టాభికి కోపం రావాలి. ఎంత వెతికినా దొరకలేదు. దాని బదులు వేరే ఏదో వచ్చింది. ఇన్నేళ్ళు పక్కనే ఉన్న మనిషి తనకు తెలియకుండా ఒక చలికాలం మొత్తం బతికింది. అందులో తాను చూడని రోడ్డు ఉంది, మేక ఉంది, ఏడుపు ఉంది. ఆ ఏడుపును పూంగావనం చూశాడు, తాను చూడలేదు.

ఆ సాయంత్రమే వరదరాజులు వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. వీధిలోనే నిలబడ్డాడు.

"పోలీసుకు పోతానంటివంట. బజారంతా అనుకుంటుండారు. నేను నీకు దొంగబండి అమ్మినానా బావా?"

తలుపు వెనక అలివేలుమంగ గాజుల చప్పుడు పట్టాభికి వినిపించింది.

"లేదు. నేనే తెలీక జాస్తిగా రుద్దినా. రంగు లేచిపోయింది. ఉడుకులో ఏందో అనేసినా."

"కింద నీలం ఉండాదంటనే."

"అది అడుగుపూత. కొన్నిటికి నీలం వేస్తారంట. పూంగావనం చెప్పినాడు."

వరదరాజులు కారు దగ్గరికి వెళ్ళి మచ్చను చూశాడు. మిగతా తలుపులు చూశాడు. తరవాత పట్టాభి ముఖం చూశాడు, పట్టాభి ఎప్పుడూ బిందెలను చూసే చూపు అది. "అడుగుపూత ఇంతగా మెరుస్తుందా?" అన్నాడు.

"మెరుస్తుందంట."

అబద్ధం చెప్పడం అలవాటు లేని పట్టాభికి చెవులు వేడెక్కాయి. వరదరాజులు ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయాడు. స్నేహం తెగలేదు, పండగలకు రాకపోకలు సాగాయి. కానీ ఆ తరవాత పట్టాభి ఏ చిన్న మాట చెప్పినా వరదరాజులు ఒక క్షణం ఆగి, నిజమేనా అన్నట్టు చూసేవాడు. మండీలో పట్టాభికి బియ్యం తూచేటప్పుడు తానే దగ్గర నిలబడేవాడు. పట్టాభికి అది గుచ్చుకునేది. చెప్పుకునేందుకు మాత్రం వీలులేదు.

పూంగావనం తలుపుకు మళ్ళీ నలుపు వేశాడు. ఆరిన తరవాత దాన్ని మెరుగుపెట్టే పని పట్టాభి ఎవరికీ ఇవ్వలేదు. ఈసారి వేళ్ళతో బరువు వేయకుండా, గుడ్డను మాటిమాటికీ తిప్పుతూ, మెల్లగా చేశాడు. అలివేలుమంగ గడపమీద కూర్చుని చూసింది. అతను నడుమ ఆగి, "ఈ రోజు మద్యానం ఏం చేసినావు?" అని అడిగాడు. ఆమె అనుమానంగా చూసింది. ఊరికే అడిగాడని నమ్మడానికి ఆమెకు కొన్నాళ్ళు పట్టింది.

ఎనభై మూడులో ఆమె లైసెన్సు తీసుకుంది. వెనక్కి తీయడం ధనభాగ్యమే నేర్పింది, ఈసారి పట్టాభికి తెలిసే. వరదరాజులు మాత్రం తన భార్యకు స్టీరింగు పట్టుకోవడం ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయాడు. ఆమె, "చూసి నేర్చుకున్నా" అంది. అతను నమ్మాడో లేదో ఎవరికీ తెలియదు.

పట్టాభి అంగడి కొడుక్కు అప్పగించాక కూడా ఆదివారాలు వీధిలో ఎవరి కారో ఒకటి నీడలోకి తెప్పించుకుని రుద్దుతూనే ఉన్నాడు. ఒకసారి వరదరాజులు తన అంబాసిడర్‌ను తెచ్చాడు. తాళాలు ఇచ్చి పోతాడేమో అనుకుంటే, కుర్చీ వేయించుకుని పక్కనే కూర్చున్నాడు.

"నువ్వు పని చూసుకో బావా" అన్నాడు. "నేను చూస్తుంటా."