వక్కాకు సంచిలో మందు

ఆళ్లగడ్డలో మా మేనత్త నలుగురిలో కూర్చుంటే వక్కాకు సంచి విప్పేది. అందులోంచి ముందు ఉబ్బసం ఇన్‌హేలర్ తీసి పీల్చి, నోరు పుక్కిలించి, ఆ తర్వాతే ఆకు మడిచేది. జబ్బు బయటపడితే సంబంధాలు తప్పిపోతాయని మా బంధువులకు భయం. ఆమెకు అదేమీ లేదు.

ఒకసారి నంద్యాల నుంచి పరుపుల దూది ఏకే ఆయన వచ్చాడు. పని మొదలుపెట్టాడో లేదో దగ్గు. దూది పనివాళ్లకు దగ్గు మామూలేనని ఆయన నమ్మకం. మా అందరిదీ అదే.

అత్త మాత్రం వక్క కొరకడం ఆపింది.

"ఏమప్పా, పని లేని రోజు దగ్గు తగ్గుతాదా?"

"తగ్గుతాదమ్మా."

"రాత్రి ఎద పట్టేసి, లేసి కూర్చుంటాండావా? ఊపిరి వదిలితే పిల్లికూతలు వినపడతాండాయా?"

ఆయన చేతులు ఆగిపోయాయి. "నీకెట్ట తెలుసమ్మా?"

అత్త ఇన్‌హేలర్ తీసి చూపింది. "నాకూ అట్లనే మొదలైంది. ఇది నాది, నీకియ్యను. పొయ్యి డాక్టరుకు చూపిచ్చుకో."

"అది పట్టుకుంటే అలవాటైపోతాదంట కదమ్మా!"

"అన్నం అలవాటు కాలేదా?"

మరుసటి ఏడాది ఆయన ముక్కుకు గుడ్డ కట్టుకుని వచ్చాడు. దూది ముట్టుకునే ముందే గుడ్డ దించి, జేబులోంచి తన ఇన్‌హేలర్ తీసి అందరి ముందే పీల్చాడు.

పక్కింటామె ఊరుకోలేదు. "ఏందప్పా అది, అలవాటైపోతాది!"

ఆయన మళ్లీ గుడ్డ బిగించుకుంటూ అడిగాడు.

"ఏమ్మా, నువ్వు అన్నం మానేసినావా?"