ముందుకొచ్చిన చేతులు

మా ఇంట్లో పైలట్ అంటే ఎవరికీ విమానం గుర్తురాదు. మా అక్క మొగుడు విశాఖ హార్బర్‌లో పైలట్‌గా చేశాడు. ఎన్ని దేశాలు తిరిగొచ్చిన కెప్టెనైనా సరే, డాల్ఫిన్ నోస్ కొండ కిందున్న ఇరుకు కాలవలోకి సొంతంగా రాకూడదు. హార్బర్ పైలట్ నిచ్చెనెక్కి పైకొచ్చి ఓడను లోపలికి తేవాలి.

కొత్త పైలట్‌ని తీసుకోవడానికి ఆఫీసు పరీక్షలు ఎన్నున్నా ఆఖరి మాట పాత పైలట్లదే. కొత్తవాడు ఓడ నడిపిస్తుంటే పాతాయన చేతులు వెనక్కి కట్టుకుని వెనకాల నిలబడతాడు. కాలవ దాటేదాకా ఆ చేతులు ముందుకు రాకపోతే కొత్తవాడు గెలిచినట్టే. వచ్చాయంటే ఓడినట్టే, ఇక మాటల్లేవు.

చాలా ఏళ్ళు ఓడల మీద ఆఫీసరుగా తిరిగి, ఇంటిపట్టున ఉందామని నేనూ ఆ పరీక్షకు వచ్చాను. నా వెనక నిలబడింది బావే. మనవాడని వదిలేస్తాడేమోనని ఎవరూ అనుకోలేదు, బావ అంత నిక్కచ్చి మనిషి. మలుపు దగ్గర గాలి కాస్త తోసింది. చుక్కాని తిప్పమన్నాను. ఓడ తిరుగుతోంది కూడా. అంతలో బావ చేతులు ముందుకొచ్చేశాయి.

మళ్ళీ పిలిచేసరికి నాకు వయసు దాటిపోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చంతా గెలిచొచ్చి ఇంట్లో ఓడిపోయాను.

అప్పట్నుంచి పెద్ద ఓడల్ని నెట్టే టగ్గు పడవ నడుపుతున్నాను. ఎటు నెట్టాలో పెద్ద ఓడ మీది పైలట్ వాకీటాకీలో చెబుతాడు, నేను సరే సార్ అంటాను. పైలట్లెవరో పైలట్లే తేల్చడమేంటి, కంచే చేను మేస్తే అడిగేదెవరని టీ కొట్టు దగ్గర కనబడ్డవాళ్ళందరితో వాదించేవాణ్ణి. అక్క మాత్రం, "ఆల్లు కాకపోతే ఎవులు సూత్తార్రా? ఆఫీసోడికి గాలి తెలుసేటి?" అనేది. దాంతో నాకు ఇంకా మండేది.

రిటైరయ్యాక బావకి పక్షవాతం వచ్చింది. ఆదివారాలు కంచరపాలెం నుంచి కారులో బీచ్ రోడ్డుకి తీసుకెళ్తాను. దూరంగా లంగరేసిన ఓడల్ని చూస్తూ కూర్చుంటాడు. మొన్న అలా చూస్తూనే అన్నాడు.

"ఆ రోజు ఓడ బాగానే తిరిగిందిరా. నాకే బయమేసింది."

"ఏటి బావా నువ్వనీది?"

"ఇంకోడైతే సేతులు కదిపీవోణ్ణి కాదు. నీకేటైనా అయితే మీ అక్క మొకం ఎలా సూడాలని..."

"మరి ఆల్లకి ఆ మాట సెప్పలేదేటి?"

"పైలట్‌కి బయమేసిందని పైలట్లకి ఎలా సెప్తాన్రా?"

పైకి ఎంత వాదించినా, ఇన్నేళ్ళూ నాకు పని రాదనే లోపల నమ్ముకుని బతికాను. అది తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఇప్పుడు చెప్పి ఏం లాభమని కోపమూ వచ్చింది.

కారు దాకా తనే నడుస్తానని బావ పట్టుబట్టాడు. సరేనని చేతులు వెనక్కి కట్టుకుని ఆయన వెనకాలే నడిచాను. ఫుట్‌పాత్ అంచు దగ్గర కాలు తడబడింది. నిలదొక్కుకునేవాడేమో, తెలీదు. అప్పటికే నా చేతులు ముందుకెళ్ళిపోయాయి.