తెర మీద విరిగిపోయిన లక్ష్మి

2003లో చంద్రగిరి రోడ్డు మీదున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ని. అంటే, ల్యాబుల్లో కంప్యూటర్లు ఆగకుండా పనిచేసేలా చూసుకునే ఉద్యోగం. ఆ ఏడాది, తిరుపతిలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే మునిరత్నం, నేను కలిసి ఓపెన్ సోర్స్ సభ ఒకటి పెట్టాం. ఓపెన్ సోర్స్ అంటే సాఫ్ట్‌వేర్‌తో పాటు దాన్ని రాసిన సోర్స్ కోడ్ కూడా అందరికీ ఇచ్చేయడం. ఎవరైనా చదవచ్చు, మార్చవచ్చు, మార్చింది పంచవచ్చు.

మా ప్రిన్సిపల్ గారికి దీని మీద గురి లేదు. "ఊరికే వచ్చేదాన్ని నమ్ముకుని ల్యాబు నడుపుతామా అమ్మా? సభలో చూపించండి. బాగుంటే ఒక ల్యాబు మీకే వదిలేస్తా" అన్నారు. ఆ మాట విన్నప్పటినుంచి నాకు కుదురు లేదు.

సెమినార్ హాలు నిండిపోయింది. చిత్తూరు నుంచి, సూళ్లూరుపేట నుంచి కూడా వచ్చారు. బెంగళూరు నుంచి శైలజ వచ్చింది. తెలుగు, కన్నడ అక్షరాలను తెర మీద చూపించే ప్రోగ్రామ్ రాసేవాళ్లలో ఆమె ఒకరు. లినక్స్ అనే ఓపెన్ సోర్స్ సిస్టమ్‌తో నడిచే కంప్యూటర్లో తెలుగు టైపు చేయడం మాలో చాలామంది చూడడం అదే మొదటిసారి. అక్షరం పడిన ప్రతిసారీ ఈలలే.

అప్పుడు దగ్గర్లోని హైస్కూలు తెలుగు మాస్టారు రంగాచార్యులు గారు లేచారు. "మా పాప పేరు కొట్టమ్మా. లక్ష్మి."

శైలజ కొట్టింది. క్ష కింద ఉండాల్సిన మ ఒత్తు పక్కకు జారింది. 'లక్ష్ మి' అని పేరు రెండు ముక్కలైంది. హాల్లో ఒకటే నవ్వులు. ముందు వరసలోంచి ప్రిన్సిపల్ గారు నా వైపు తిరిగి చూశారు.

"అక్కా, ప్రొజెక్టర్ ఆపేద్దామా? పరువు పోతా ఉండాది" అన్నాడు మునిరత్నం నా చెవిలో.

శైలజ మాత్రం నవ్వుతూ మైకు తీసుకుంది. "బగ్ దొరికింది, అంటే ప్రోగ్రామ్‌లో తప్పు! మా కన్నడలోనూ ఈ పేరు ఇలాగే విరుగుతుంది. తప్పు ఎక్కడుందో మాకు అంతు చిక్కలేదు. దీని కోడ్ నా దగ్గరే ఉంది. అందరం కలిసి వెతుకుదామా?"

"వెతుకుదాం!" అని హాలు హోరెత్తింది.

కోడ్ తెర మీదికి వచ్చింది. నేనూ లేచి వేదిక దగ్గరికి వెళ్లి ఒక్కో వరసా చదవసాగాను. ఒకచోట చూపు ఆగింది. "ఇక్కడ చూడండి! రెండు హల్లులు కలిపాక ఇది పని ఆపేస్తోంది."

"ఎన్ని హల్లులు కలుస్తాయి మాస్టారూ?" అని అడిగింది శైలజ.

"మూడు మామూలే తల్లీ. స్త్రీ, రాష్ట్రం, శాస్త్రం. ఇంకా ఎక్కువ కూడా ఉంటాయి. లెక్క పెట్టుకోవద్దు, హల్లు వెనక పొల్లు కనిపించినంత దూరం పోతానే ఉండాల."

అలాగే మార్చి కంపైల్ చేశాం. అంటే, రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చడం. దానికి కాసేపు పడుతుంది. లక్ష్మి ఒక్కటై తెర మీద నిలిచేసరికి చప్పట్లు మోగాయి. అంతలో వెనకనుంచి ఒకమ్మాయి అరిచింది. "మేడం, కింద వరస సూడండి!" అంతకుముందు కొట్టిన 'కంప్యూటర్ మంచిది' అన్న మాటలు 'కంప్యూటర్మంచిది' అని అతుక్కుపోయాయి. పొల్లు తర్వాత ఖాళీ వచ్చినా మా కోడ్ ఆగడం లేదు! నవ్వుకుంటూనే అదీ సరిచేశాం.

ఈసారి ప్రిన్సిపల్ గారే వేదికెక్కారు. అక్షరాలు వెతుక్కుంటూ 'శాస్త్రం' అని కొట్టారు. ఒత్తులన్నీ ఎక్కడివక్కడ కుదిరాయి. ఆయన ముఖం విప్పారింది.

హాల్లో నెట్ లేదు. మేము చేసిన మార్పును, అంటే ప్యాచ్‌ను, ఫ్లాపీ డిస్కులో వేసుకుని మునిరత్నం స్కూటరెక్కి తన సెంటర్‌కు పోయాడు. దాన్ని మెయిలింగ్ లిస్ట్‌కు పంపాడు. ఆ ప్రోగ్రామ్ రాసే దేశదేశాల వాళ్లంతా ఈమెయిళ్లలో మాట్లాడుకునే చోటు అది. సభ ముగిసేలోగా పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అక్కా, జవాబు వచ్చేసినాది! యాడో నార్వే ఆయనంట. బాగుంది, కన్నడలో కూడా చూడండి అన్నాడు!"

శైలజ వెంటనే కన్నడలో లక్ష్మి కొట్టింది. అక్కడా కుదిరింది. ఆమె నా చేతులు పట్టుకుని చిన్నపిల్లలా గెంతింది.

ఆ ప్యాచ్‌ను ప్రోగ్రామ్ తర్వాతి విడుదలలో చేర్చుకున్నారు. సాయపడినవాళ్ల పేర్లలో రంగాచార్యులు గారి పేరూ వేశారు. మాకు ల్యాబు దక్కింది.

ఆ తర్వాత మేం పెట్టిన ఏ సభలోనూ నేను ముందే సరిచూసుకున్న మాటలు కొట్టి చూపించలేదు. వచ్చినవాళ్ల ముందు కీబోర్డు పెట్టి, "మీ ఇంటి పేరు, మీ ఊరి పేరు, ఏదైనా కొట్టండి. ఎక్కడ విరుగుతుందో చూద్దాం" అంటాను.