ఆపుకున్న దగ్గు

ఏడుపాయల దుర్గమ్మ మీద ఒట్టు, నాకు అన్నం పెట్టే ఆటో మీద ఒట్టు, కింద రాసినదాంట్లో ప్రతి ముక్కా నిజం. మెదక్ బస్టాండ్ దగ్గర ఆటో అడ్డా మీద నన్నెరిగినవాళ్లు ఈ మాట చదివి నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి. నర్సాపూర్ అడవిలో చిరుతపులి చెయ్యెత్తి నా ఆటో ఆపి, ఊరు కనిపించేదాకా వెనక సీట్లో కూర్చుని వచ్చిందని చెప్పింది నేనే. కానీ ఇది పులి సంగతి కాదు. నా భార్య దగ్గు సంగతి.

మా గల్లీలో ఆడవాళ్లంతా బీడీలు చుడతారు. పొద్దున కార్ఖానాకు పోయి ఆకు, తంబాకు తెచ్చుకుని, ఒళ్లో చాట పెట్టుకుని గడపలో కూర్చున్నారంటే మళ్లీ లేచేది పొయ్యి దగ్గరికే. నా భార్య పెళ్లికి ముందునుంచీ చుడుతోంది. ఆమె చాట కదిపినప్పుడల్లా తంబాకు దుమ్ము లేచి, తలుపు సందులోంచి పడే ఎండలో తేలుతూ కనిపిస్తుంది. బాగా లేవని కార్ఖానా వాపసు చేసిన బీడీలు నావంతు. చుట్టేది ఆమె, కాల్చేది నేను. అదీ ఆమె పక్కనే కూర్చుని.

చలి మొదలైతే మా గల్లీలో కోళ్లకంటే ముందు దగ్గులు లేస్తాయి. కళ్లు మూసుకుని ఏ దగ్గు ఎవరింటిదో చెప్తానని అడ్డా మీద పందెం కాసేవాణ్ణి. మూలింటి ముసలామెది తుప్పు పట్టిన షట్టర్ లేపినట్టుంటుంది. ఎదురింటి దర్జీ భార్యది మొదట సన్నగా ఈల వేసి, తర్వాత బరువుగా దిగుతుంది. మేం దాన్ని పనిదగ్గు అంటాం. సీతాఫలాలప్పుడు వస్తుంది, మామిడి పిందెలప్పుడు పోతుంది. రోగమని ఎవరూ అనుకోరు. లేనిదెవరికి గనక?

ఆ ఏడు నా భార్య దగ్గు మామిడి పిందెలప్పుడు పోలేదు. ఎండలు ముదిరాయి, అది ఇంకా అలాగే ఉంది. నీళ్ల బిందె ఎత్తుకుని రెండు మెట్లెక్కి గోడ పట్టుకునేది. నేను చూస్తున్నానని తెలిస్తే కొంగు సర్దుకుంటున్నట్టు నటించేది.

“దవాఖానకు పోదాం పా,” అన్నాను.

“పోతె టీబీ అంటరు. టీబీ అంటె కార్ఖానాల ఆకు బంద్ జేస్తరు. వెనక గల్లీ ఆమెకు గట్లనే జేసిండ్రు. నయమైనంక రమ్మన్నరు. నయమైంది. మల్ల పిలిచిండ్రా?”

చుట్టడం తప్ప ఆమెకు వేరే పని రాదు. ఆ పనిలోనే ఆమెకు గల్లీలో పేరు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున ఆశ వర్కర్ ఫోన్ పట్టుకుని మా గడపలోకి వచ్చింది. ముప్పై దాటినవాళ్లందరినీ ఇంటింటికీ తిరిగి అడుగుతోంది.

“వదినా, జర చెయ్యి ఆపుండ్రి. నాలుగు ముచ్చట్లే.”

“అడుగుండ్రి మేడం. చేతుల పని చేతులదే,” అంది నా భార్య.

“అన్నా, నువ్వు మాత్రం నోరు ముయ్యాలె. పోయినసారి నీ వయసు నూటిరవై అని రాపిచ్చినవ్. డాక్టర్ సారు నన్ను ఫోన్ల ఏసుకున్నడు.”

నా భార్య నవ్వబోయి ఆగిపోయింది. నవ్వితే దగ్గు వస్తుంది.

“ఇంట్ల బీడీ తాగేటోళ్లున్నరా?” ఆశ వర్కర్ నావైపు చూసి తనే ఫోన్లో నొక్కేసింది. “కట్టెల పొయ్యి?”

“గ్యాసే మేడం. స్నానాల నీళ్లకు, రొట్టెలకే కట్టెలు.”

“అంటె రోజు. తంబాకు పని ఎన్నేండ్ల సంది?”

“చిన్నప్పటి సంది.”

ఒక్కో జవాబుకీ నా భార్య మాట పొట్టిదవుతోంది. మెడ నరం ఉబ్బింది. చుట్టిన బీడీకి దారం జారింది. మళ్లీ చుట్టింది, మళ్లీ జారింది. పెళ్లయినప్పటినుంచి ఆమె చేతిలో దారం జారడం నేను చూడలేదు.

“ఏడాదిల మూడు నెలలు, వరుసగ రెండేండ్లు, తెమడతోని దగ్గు వస్తదా?”

ఆమె తల అడ్డంగా ఊపింది. నోరు తెరవలేదు. కళ్లలో నీళ్లు నిండుతుండగా నావైపు చూసింది. ఊరందరికీ ఇన్ని అబద్ధాలు చెప్పావు, నాకోసం ఒకటి చెప్పలేవా అన్నట్టుందా చూపు.

అప్పుడు నేను నిజం చెప్పాను.

“వస్తది చెల్లె. మూడు చలికాలాల సంది వస్తది. గీసారి పోనే లేదు.”

ఆశ వర్కర్ తలెత్తలేదు. “సరె అన్నా. పులి మంచిగున్నదా?”

“నిజం చెప్తున్న.”

“పులప్పుడు గూడ గిదే మాట అన్నవ్. వదినె లేదంటుంది గద.” లేదు అని నొక్కడానికి వేలెత్తింది.

నేను ఆ వేలి కింద నా అరచెయ్యి అడ్డం పెట్టాను. “జర ఆగు. ఏం నొక్కకు.”

ఇక నా భార్యవల్ల కాలేదు. దగ్గు బయటపడింది. చాట ఒళ్లోంచి జారి బీడీలు గడప దాటి దొర్లాయి. ఆమె తలుపు చెక్క పట్టుకుని వంగి దగ్గుతూనే ఉంది. ఆశ వర్కర్ ఫోన్ పక్కన పెట్టి వీపు రాసింది.

“రేపు పొద్దుగాల తెమడ గీ డబ్బీల తీసి ఇయ్యుండ్రి వదినా.”

“కార్ఖానాల చెప్తరా?”

“నేనెందుకు చెప్త? నాకు వేరె పని లేదా?”

రిపోర్టు వచ్చేదాకా నా భార్య నాతో మాట్లాడలేదు. రోజూ పొద్దున ఆమె కార్ఖానా వరసలో నిలబడితే, నేను ఎదుటి పక్కన ఆటో ఆపుకుని చూసేవాణ్ణి. దగ్గు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకునేది. ఆకు మూట చంకన పెట్టుకుని బయటికొస్తేనే నాకు ఊపిరి ఆడేది.

దవాఖానలో డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసింది. నా భార్య చేత గొట్టంలోకి ఊదించింది. ఆమె సగం ఊది ఆగిపోయింది.

“టీబీ కాదమ్మా,” అంది చివరికి. “క్రానిక్ బ్రాంకైటిస్. ఏండ్ల పొగ, ఏండ్ల దుమ్ము. ఒకల నుంచి ఒకలకు అంటదు.”

“నేను బీడీ ముట్టనే ముట్టలె మేడం. చుట్టుడే.”

“మీరు ముట్టకపోతె ఏంది, పక్కకు కూసొని ఈయన తాగుతున్నడు గద?” డాక్టరమ్మ నావైపు తిరిగింది. “పొద్దుగాల మీకు గూడ దగ్గు వస్తదా?” నేను మొదటిసారి నోరు మూసుకున్నాను. నా చేత కూడా ఊదించింది.

అంటుకోదన్న మాట మాకంటే ముందు గల్లీకి చేరింది. ఆశ వర్కర్ మళ్లీ వచ్చినప్పుడు మూలింటి ముసలామె ఎదురుపోయి “నాది గూడ రాసుకో బిడ్డా” అంది. దర్జీ భార్య చెప్పింది, ఆమె అత్త చెప్పింది. లేదు అని నొక్కడానికి ఇల్లు దొరకడం కష్టమైంది. పనిదగ్గుకు ఇంకో పేరుందని అందరికీ ఒకేసారి తెలిసింది.

నా భార్య ఇప్పటికీ చుడుతోంది. ఇంట్లో కాదు, వాకిట్లో, ముక్కుకు తువ్వాల కట్టుకుని. నీళ్లూ గ్యాస్ మీదే కాగుతున్నాయి. నేను ఇంట్లో ముట్టించను. దగ్గు తగ్గింది, పోలేదు.

ఒట్టు పెట్టాను గనక, అమ్మవారికి భయపడి ఇప్పుడు ఒకటి ఒప్పుకోవాలి. ఆ రోజు నేను నిజం చెప్పలేదు. వేలి కింద చెయ్యి పెట్టనూ లేదు. నా భార్య నావైపు చూడగానే, “దగ్గా? మా ఇంట్లనా? ఉంటె నాకెరుకుండదా చెల్లె?” అన్నాను. ఆశ వర్కర్ లేదని నొక్కి వెళ్లిపోయింది. నేను బేరముందని చెప్పి బయటపడి, గల్లీ మూల ఆటోలో కూర్చుని బీడీ ముట్టించాను. అది సగం కాలకముందే నా భార్య నన్ను దాటుకుంటూ పోయింది. పరుగెత్తలేక, గోడలు పట్టుకుంటూ, దగ్గుకుంటూ, “ఓ మేడం, నాది తప్పు పడ్డది, దిద్దుండ్రి” అంటూ. నేను ఆటో దిగలేదు. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడకపోవడం మాత్రం నిజమే.

ఎందుకు వెంటపోయావని చాన్నాళ్లకు అడిగాను. చాటలోంచి తలెత్తకుండానే చెప్పింది:

“నువ్వు చెప్పేటివి ఎవ్వరు నమ్మరు. మేడం గదొక్కటి నమ్మింది. గందుకె భయమైంది.”